రెండు ప్రతులు

మా కాలేజీలో నేను చెప్పేది తెలుగు. సంధులు, సమాసాలు, ప్రబంధాలు - ఇదీ నా పొలం. పక్క పొలంలో మా జంతుశాస్త్రం మాస్టారు దున్నుకొంటూ ఉంటారు. ఆయన గట్టు నేను దాటను, నా గట్టు ఆయన తొక్కరు. అటువంటిది, ఈ మధ్య రెండు మూడు వారాలపాటు మా విద్యార్థులు నన్ను చెయ్యిపట్టి ఆ గట్టు దాటించేరు. దానికి కారణం ఎవరంటే, నమ్మండి, శశిరేఖ.

క్లాసులో భారత కథ చెబుతూ, శశిరేఖా పరిణయం కథ వ్యాసుల వారి భారతంలో లేదనీ, జనం నోట పుట్టి నాటకాల మీదుగా సినిమాకెక్కిందనీ అన్నాను. 1957లో వచ్చిన 'మాయాబజార్' చూడని తెలుగు పిల్లలు ఈనాటికీ అరుదు. ఆఖరి బెంచీ కుర్రవాడొకడు లేచి, "మేస్టారూ! శశిరేఖ బలరాముడి కూతురు. అభిమన్యుడు సుభద్ర కొడుకు. అంటే మేనరికం. మరి మేనరికం చేసుకుంటే పిల్లలకి అవకరాలొస్తాయని జువాలజీ మేస్టారు చెప్పేరు. ఎవరి మాట నిజం?" అన్నాడు.

క్లాసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వేను. నవ్వుతూనే, "శశిరేఖ దాకా ఎందుకోయ్? సుభద్ర మాత్రం అర్జునుడికి ఏమవుతుంది? కుంతి వసుదేవుడి చెల్లెలు. అదీ మేనరికమే. అభిమన్యుడి ఇంట్లో వరసగా రెండు తరాలు" అన్నాను. బౌధాయనుడు తన ధర్మసూత్రాలలో, మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ పెళ్లాడడం దక్షిణాది వాళ్ల ఆచారమని ప్రత్యేకం పేర్కొన్నాడని కూడా చెప్పేను. అంత పాతది మన అలవాటు.

అయితే అసలు ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది. తెలియనిది తెలియదని ఒప్పుకొని, "మీ సందేహాలన్నీ చీటీల మీద రాసి ఇవ్వండి. తెలిసినవారిని అడిగి తెలుగులో చెబుతాను" అన్నాను. మర్నాటికి నా బల్లమీద నలభై పైచిలుకు చీటీలు! వాటిని పట్టుకొని స్టాఫ్ రూములో మా జంతుశాస్త్రం మాస్టారి ఎదట కూచున్నాను. నాలుగు రోజుల టీ ఖర్చు నాది. పాఠం ఆయనది.

అన్నిటికన్నా ఎక్కువమంది అడిగిన ప్రశ్న: "డి.ఎన్.ఏ. అంటే ఏమిటి? అది రక్తంలో ఉంటుందా?"

రక్తంలోనే కాదు, ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. తమాషా ఏమిటంటే, రక్తానికి ఎరుపునిచ్చే కణాలు పక్వానికి వచ్చేసరికి వాటిలో అది ఉండదు. పరీక్షకి పనికివచ్చేది తెల్లకణాలలోనిది. మనం "రక్తసంబంధం" అంటాం గాని, శాస్త్రం ప్రకారం ఆ మాటలో రక్తానికి పెద్ద పాత్ర లేదన్నమాట.

డి.ఎన్.ఏ. ఒక పొడుగాటి రాత. అందులో అక్షరాలు నాలుగే. మన యాభై ఆరు అక్షరాల వర్ణమాలతో పోలిస్తే బహు పేద లిపి. ఆ నాలుగింటితోనే మనిషి యావత్తూ రాసి ఉంది. 1953లో వాట్సన్, క్రిక్ అనేవారు దాని ఆకారం మెలితిరిగిన నిచ్చెనలాంటిదని తేల్చేరు. రోజలిండ్ ఫ్రాంక్లిన్ అనే ఆవిడ తీయించిన ఎక్స్-రే చిత్రం వారికి దారి చూపించింది. మొత్తం రాత పొడవు సుమారు 300 కోట్ల అక్షరాలు. మన పత్రికలో పేజీకి 2,000 అక్షరాల చొప్పున, వారానికి నూరు పేజీలు సీరియల్ గా వేస్తే, 288 ఏళ్లు దాటినా "సశేషం" అనే ఉంటుంది. ఆ రాతలో పనికివచ్చే సూచనలున్న ఒక్కొక్క భాగమూ ఒక్కొక్క జన్యువు. మనిషిలో అటువంటివి సుమారు ఇరవై వేలు. ఈ గ్రంథం ఇరవైమూడు సంపుటాలుగా కట్టి ఉంటుంది. ఒక్కొక్క సంపుటం ఒక క్రోమోజోము.

ఇక్కడిదాకా వినేసరికి నాకు హుషారు పుట్టింది. ఇది మన తాళపత్రాల సంగతే గదా అనిపించింది.

పూర్వం గ్రంథాలన్నీ చేతిరాత ప్రతులు. కడపలో ఉండగా బ్రౌను దొర ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులచేత పక్కపక్కన పెట్టించి, పోల్చి చూపించేవాడు. ఎందుకంటే రాయసకాడు ఎంతటివాడయినా ఎక్కడో ఒకచోట ఒక అక్షరం తప్పు రాస్తాడు. ఒక ప్రతిలో తప్పున్నచోట రెండో ప్రతిలో సరిగ్గా ఉంటుంది. పద్యం బతుకుతుంది.

మన ఒంట్లోనూ ప్రతి సంపుటానికీ రెండు ప్రతులు - తల్లి ఇచ్చినది ఒకటి, తండ్రి ఇచ్చినది ఒకటి. ఇరవైమూడు జతలు, వెరసి నలభై ఆరు. అమ్మ తన దగ్గరున్న రెండు ప్రతుల్నీ ఇవ్వదు. రెంటినీ కలగలిపి ఒకే ప్రతి తయారుచేసి ఇస్తుంది. నాన్నా అంతే. ఆ కలపడంలో ఏ పుట ఎటునుంచి వస్తుందో చెప్పలేం. అందుకే ఒక కడుపున పుట్టిన అన్నదమ్ములు కూడా ఒకేలా ఉండరు.

"నా ముక్కు అమ్మదీ కాదు, నాన్నదీ కాదు, మేనత్తది. ఎలా వచ్చింది?" అని ఒక అమ్మాయి అడిగింది. జవాబు ఇందులోనే ఉంది. మేనత్తకీ నాన్నకీ ఆ పుటలు ఒకే తాతగారి ప్రతినుంచి వచ్చేయి. నాన్నలో మరుగున పడి ఉన్నది నీలో బయటపడింది. ఒక ప్రతిలోని మాట రెండో ప్రతిని కప్పేయడం, తరం దాటి మళ్లీ పైకి రావడం - ఇది బఠానీ మొక్కల్లో పట్టుకొని 1866లో అచ్చువేసినవాడు మెండెల్ అనే మఠంలోని సన్యాసి. ఆ సన్యాసి తోటను చూడడానికి ఐరోపా పోనక్కరలేదు. మన ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గోగు మీద జరుగుతున్న పని ఆ కోవదే. అక్కడ పుట్టిన గోగు నార వంగడాలకి మన ఊరి పేరు మీదే "ఏ.ఎం.వి." అని పేరు పెట్టేరు. గోగు కాడకి నచ్చిన జత వెతికే ఓపిక ఉంది మనకి. పిల్లల పెళ్లిళ్ల దగ్గర మాత్రం కట్నం లెక్కతో సరిపెడుతున్నాం.

ఇంకొక చీటీ: "ఆడపిల్లలే పుడితే తల్లినే అంటారెందుకు?" చేతిరాత ఆడపిల్లదే. ఇరవైమూడో జతలో తల్లి దగ్గరున్నవి రెండూ ఎక్సులే. ఆవిడ ఇచ్చేది ఎప్పుడూ ఎక్సే. తండ్రి దగ్గర ఒక ఎక్సు, ఒక వై. ఆయన ఎక్సు ఇస్తే ఆడపిల్ల, వై ఇస్తే మగపిల్లవాడు. 1905లోనే నెటీ స్టీవెన్స్ అనే ఆవిడ పిండిపురుగుల్లో ఈ సంగతి కనిపెట్టింది. నూరేళ్లు దాటినా ఆ కబురు మన అత్తగార్లకి అందలేదు. తండ్రిది మాత్రం తప్పా అంటే అదీ కాదు. అది బొమ్మా బొరుసూ.

"సీరియల్లో చూపించే డి.ఎన్.ఏ. టెస్టు నిజమేనా?" నిజమే. బిడ్డలోని ప్రతి పుటా తల్లిదో తండ్రిదో అయి ఉండాలి గనక, పోల్చి చూస్తే తేలిపోతుంది. ఇంగ్లండులో జెఫ్రీస్ 1984లో కనిపెట్టిన ఈ పద్ధతిని మన దేశంలో నిలబెట్టినవారు హైదరాబాదు సి.సి.ఎం.బి.లోని లాల్జీ సింగ్ గారు. సీరియల్లోలాగ రిపోర్టు చదివేటప్పుడు ఉరుములూ మెరుపులూ మాత్రం రావు.

ఇక అసలు సంగతికి వస్తాను. చీటీల్లో సగానికి పైగా మేనరికం గురించే.

ఒక్క అక్షరం తప్పితే ఏమవుతుందో ముందు చెప్పాలి. మన తూర్పు కనుమల మన్యంలోని గిరిజన గ్రామాల్లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంది. ఎర్రకణం గుండ్రంగా ఉండవలసింది కొడవలిలా వంగిపోతుంది. సన్నని నాళాల్లో అడ్డుపడి విపరీతమైన నొప్పులు తెస్తుంది. దానికి మూలం హిమోగ్లోబిన్ రాసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం. ఒక ప్రతిలో మాత్రమే తప్పున్నవాడికి జబ్బు లేదు. పైగా మలేరియా దెబ్బ తక్కువ. అందుకే మలేరియా ఉన్న సీమల్లో ఆ తప్పు నిలిచిపోయింది. రెండు ప్రతుల్లోనూ అదే తప్పున్నవాడికే జబ్బు. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా దీని నిర్మూలనకి పూనుకొని, పరీక్షలు చేసి కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. పెళ్లికి ముందు రెండు కార్డులు పక్కపక్కన పెట్టి చూసుకోవాలన్నదే అందులోని కిటుకు.

ఇప్పుడు తాళపత్రాల దగ్గరికి మళ్లీ రండి. లోకంలో తప్పుల్లేని ప్రతి లేదు. మీలోనూ నాలోనూ కొన్ని తప్పు అక్షరాలు మరుగున ఉన్నాయి. రెండో ప్రతి సరిగ్గా ఉంది గనక పద్యం నడిచిపోతోంది. బయటి సంబంధం చేసుకొంటే మీ తప్పు ఒకచోట, వాళ్ల తప్పు ఇంకొకచోట ఉంటాయి. దగ్గరి సంబంధమయితే ఇద్దరి ప్రతులూ ఒకే తాతగారి ప్రతిని చూసి రాసుకున్నవి. ఒకే పుటలో ఒకే తప్పు. పోల్చి దిద్దుకోవడానికి మంచి ప్రతి లేదు. మేనరికంలోని చిక్కంతా ఇంతే. శాపం లేదు, దోషం లేదు.

ఎంత దగ్గర? బావామరదళ్లకి ఎనిమిదో వంతు పుటలు ఒకటే. మేనమామకీ మేనకోడలికీ నాలుగో వంతు - తాతకీ మనవరాలికీ ఎంతో అంత! ఈ మాట చెప్పినప్పుడు క్లాసులో చప్పుడు లేదు. మేనమామ సంబంధం మన ప్రాంతంలో వింత కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం దాన్ని నిషేధించిన వరసల్లో చేర్చి, ఆచారం ఉన్నచోట మినహాయించింది.

"గోత్రం వేరు గదా మేస్టారూ?" అన్నారు. గోత్రం తండ్రి వైపు దారి ఒక్కటే చూస్తుంది. మన లెక్కలో పెదనాన్న కూతురు చెల్లెలు, మేనత్త కూతురు మరదలు. ఒకరిని చేసుకోవడం ఊహకే అందని మాట, ఇంకొకరిని చేసుకోవడం ముచ్చట. కాని పుటల లెక్కలో ఇద్దరూ సమానమే, అదే ఎనిమిదో వంతు. డి.ఎన్.ఏ.కి వరసలు తెలియవు.

"బ్లడ్ గ్రూపులు వేరయితే మేనరికం చేసుకోవచ్చునా?" ఈ నమ్మకం మన ఇళ్లల్లో బలంగా ఉంది. ఇరవై వేల జన్యువుల్లో ఒకటి రెంటిని చూసి గ్రంథమంతా వేరని చెప్పగలమా? అట్ట రంగు వేరయినంత మాత్రాన లోపలి పద్యాలు వేరవుతాయా? అలాగే, భార్యాభర్తలది ఒకే గ్రూపు అయినా భయం లేదు. తల్లిది నెగటివ్, తండ్రిది పాజిటివ్ అయినప్పుడు మాత్రం డాక్టరుకి ముందే చెప్పాలి. దానికి ఇంజక్షను ఉంది.

"మా తాతలనాటినుంచీ మేనరికాలే. అందరం బాగానే ఉన్నాం" అన్నాడొకడు. వాడి మాటా నిజమే. ఎవరి సంబంధం వాళ్లు బయట చేసుకొన్నా నూటికి రెండు మూడు కాన్పుల్లో పెద్ద లోపం ఉంటుంది. బావామరదళ్లయితే దానికి ఇంకో రెండు మూడు కలుస్తాయి. అంటే నూటికి తొంభై నాలుగైదు మంది నిక్షేపంగా పుడతారు. మేనమామ సంబంధంలో ఇంకా కొంత ఎక్కువ. అందుచేత మన అమ్మమ్మలు చూసిందీ అబద్ధం కాదు, డాక్టర్లు చెప్పేదీ అబద్ధం కాదు.

ఈ ముడిని పట్టించుకొన్న ఒక మహానుభావుడు మన దేశం వచ్చేడు. జె.బి.ఎస్. హాల్డేన్ - జన్యుశాస్త్రానికి గణితపు పునాది వేసిన ముగ్గురిలో ఒకడు. ఇద్దరు అన్నదమ్ముల కోసం గాని, ఎనిమిదిమంది మేనమామ, మేనత్త, పినతండ్రి పిల్లల కోసం గాని ప్రాణమిచ్చేస్తానని ఆయన సరదాగా అన్నట్టు చెప్పుకొంటారు. పైన చెప్పిన ఎనిమిదో వంతు లెక్కే అది! 1957లో కలకత్తా వచ్చి, ధోవతి కట్టి, శాకాహారి అయి, మన పౌరుడై, 1962లో భువనేశ్వరం చేరేడు. ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు మన తెలుగువాడు. ఆయనా, మీరాఖాన్ అనే డాక్టరూ కలిసి ఆంధ్రదేశంలోని ఆసుపత్రుల్లో దగ్గరి సంబంధాల పెళ్లిళ్లు లెక్కగట్టి 1963లో ప్రకటించేరు. వందల ఏళ్లుగా మేనరికాలు చేసుకొన్న జనంలో చెడ్డ అక్షరాలు ఏనాడో రాలిపోయి ఉండాలి గదా అన్నది అప్పటి పెద్ద ప్రశ్న. కొంత రాలి ఉండవచ్చు గాని, పూర్తిగా రాలలేదని తరవాతి లెక్కలు చెబుతున్నాయి.

ఈ కృష్ణారావు గారే చెవిమీద వెంట్రుకలు మొలవడం వై క్రోమోజోము మీదుగా తండ్రినుంచి కొడుకుకి వస్తుందని 1960లో రాసేరు. పాఠ్యపుస్తకాలన్నీ అదే చెప్పేయి. 2004లో డి.ఎన్.ఏ. తీసి చూస్తే అలా కాదని తేలింది. గురువు మాటయినా కొత్త రుజువు వస్తే దిద్దుకొంటారు వాళ్లు. మనం దిద్దుకోమేమీ అనుకొన్నాను.

1964 డిసెంబరు 1న హాల్డేన్ పోయేడు. తన దేహాన్ని విద్యార్థుల చదువుకి ఇమ్మని ముందే రాసి ఉంచేడు. అది కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి చేరింది. భువనేశ్వరానికీ కాకినాడకీ మధ్య రైలు దారిలోనే ఉంది మన శ్రీకాకుళం రోడ్ స్టేషను. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు తలలు వంచుకొన్నారు.

బెల్లు కొట్టేరు. అందరూ వెళ్లిపోయేక ఒక చీటీ మిగిలింది. నాలుగు మడతలు పెట్టి ఉంది. పేరు లేదు. "మీ ఇంట్లో అయితే ఏం చేస్తారు మేస్టారూ?" అని ఒకే వాక్యం.

పాఠకులారా, ఆ చీటీ రాసిన పిల్లకి తెలియదు గాని, ఆ ప్రశ్న అప్పటికి నెల రోజులుగా మా ఇంట్లోనే తిరుగుతోంది.

మా అప్ప నాకన్నా పదకొండేళ్లు పెద్దది. 1987లో మా అమ్మ తమ్ముడికే ఇచ్చి చేసేరు. పిల్ల కళ్లముందుంటుంది, ఆస్తి బయటికి పోదు, మావయ్య మంచివాడు. మూడూ నిజమే. ఏడాదిన్నరకి మొదటి కొడుకు పుట్టేడు. పళ్లెం కిందపడినా ఉలిక్కిపడడంలేదని రెండో ఏట గాని ఎవరూ గమనించలేదు. పుట్టుచెవుడు. అప్ప కడుపుతో ఉండగా గ్రహణం వచ్చిందట. ఆవేళ కత్తిపీట ముందు కూచుని అరటికాయ తరిగిందట. ఇంటికి వచ్చినవాళ్లందరూ ఆ అరటికాయ ప్రస్తావన తెచ్చేవారు. మా అమ్మా అన్నాది. అప్ప ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఆ తరవాత గ్రహణమొస్తే చాలు, పచ్చి మంచినీళ్లు ముట్టకుండా దేవుడి గదిలో కూచునేది.

ఆ పెద్దవాడు బంగారంలాంటి మనిషి. శ్రీకాకుళంలో ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బములు తయారుచేస్తాడు. పెళ్లయింది. చక్కగా వినే కూతురుంది. రెండోవాడికి ఏ లోపమూ లేదు. విశాఖపట్నంలో ఉద్యోగం. మొన్న సంక్రాంతికి అప్ప పొంగడాలు వండి డబ్బా నిండా పట్టుకొచ్చింది. డబ్బా మా ఆవిడ చేతిలో పెట్టి, "తమ్ముడూ, నీ పిల్లని మా చిన్నోడికి ఇచ్చీరా. ఇంకెవుల్నీ ఏటీ అడగను" అంది.

నాకు నోట మాట రాలేదు. నన్ను ఎత్తుకొని పెంచిన మనిషి. కాదంటే, "పెద్దోడి సెవుడు సూసి వద్దంతన్నావు" అనుకొంటుంది. అవునంటే?

క్లాసులో చీటీలకి జవాబులు చెబుతూనే, సాయంత్రాలు కాగితం మీద లెక్క వేసేను. పెద్దవాడి భార్య కాన్పుకి ముందు డాక్టరుగారు వాడికి పరీక్ష చేయించేరు. ఆ రిపోర్టు అప్ప బీరువాలో చీరల కింద ఉంది. ఇంగ్లీషులో ఉండడంచేత ఎవరూ చదవలేదు. తెప్పించి మా మాస్టారికి చూపించేను. పదమూడో సంపుటంలో, లోపలి చెవికి అవసరమైన కనెక్సిన్ 26 అనే పదార్థాన్ని రాసే జన్యువులో, రెండు ప్రతుల్లోనూ ఒకే తప్పు.

అంటే అప్పకి ఒకటి, మావయ్యకి ఒకటి, ఖాయంగా ఉన్నాయి. అవి మా అమ్మ పుట్టింటి ప్రతినుంచి వచ్చినవి. అప్పకి వచ్చిందంటే నాకు వచ్చివుండడానికి సగం పాలు. నానుంచి మా అమ్మాయికి అందులో సగం, నాలుగింట ఒకటి. చిన్నవాడికి చెవుడు లేదు గనక రెండూ తప్పు ప్రతులు కావు. మిగిలిన మూడు విధాల్లో రెండు విధాలుగా ఒక తప్పు ప్రతి ఉంటుంది. మూడింట రెండు. రెంటినీ గుణిస్తే ఆరింట ఒకటి. ఇద్దరిలోనూ ఉంటే పుట్టే బిడ్డకి నాలుగింట ఒకటి. వెరసి ఇరవై నాలుగింట ఒకటి. మామూలుగా పుట్టుచెవుడు వెయ్యింట ఒకటి రెండు. ఇద్దరి రక్తమూ తీసి ఆ ఒక్క అక్షరం చూపిస్తే లెక్కతో పని లేకుండా తేలిపోతుందని కూడా మాస్టారు చెప్పేరు.

ఆ కాగితం పట్టుకొని మా అమ్మాయి ఎదట కూచున్నాను. లెక్కంతా చెప్పి, పరీక్ష చేయిద్దామా అన్నాను. అది ఓపిగ్గా విని, "నాన్నా, ఇందులో అత్త అడిగింది, నువ్వు గుణించేవు, మాస్టారు సరిచూసేరు. నన్ను మాత్రం ఇప్పుడే అడుగుతున్నావు. చిన్న బావ నాకు చిన్నప్పటినుంచీ అన్నయ్యలాంటివాడు. రిపోర్టులో ఏ అక్షరమున్నా నా మాట మారదు" అంది.

ఇరవై నాలుగింట ఒకటి అని అంత జాగ్రత్తగా లెక్కగట్టినవాణ్ని, నూటికి నూరుపాళ్ల సంగతి మరిచిపోయేను.

మరుసటి ఆదివారం పొందూరు వెళ్లేను. అమ్మాయి మాట చెప్పేను. అప్ప కాసేపు ఊరుకొంది. తరవాత నేను భయపడ్డ మాటే అంది: "పెద్దోడి గురించేనా?" కాదని రిపోర్టు తీసేను. తాళపత్రాల కథంతా చెప్పేను. "నీ దగ్గర ఒక ప్రతి, మావయ్య దగ్గర ఒక ప్రతి. రెండూ మన తాతల నాటివి. నువ్వు చేసిందేమీ లేదప్పా. కత్తిపీటకీ దీనికీ సంబంధం లేదు. ఆ గ్రహణం రాకపోయినా, నువ్వు అరటికాయ తరక్కపోయినా, వాడు ఇలాగే పుట్టేవాడు" అన్నాను.

అప్ప ఆ కాగితం చేతిలోకి తీసుకొంది. ఇంగ్లీషు రాదు. అయినా పైనుంచి కిందిదాకా వేలుపెట్టి చూసుకొంది. "ఇందులో గ్రహణం మాట నేదా?" అంది.

"లేదు."

"ఇన్నేళ్లూ మరి ఎవులూ సెప్పలేదేట్రా తమ్ముడూ?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఎమ్మే చదివేను. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఈ ముక్క తెలుసుకొని చెప్పాలని ఒక్క రోజూ తోచలేదు. పెద్దవాడు గుమ్మంలో నిలబడి మా ఇద్దరి ముఖాలూ చూస్తున్నాడు. ఏమయిందని చేత్తో అడిగేడు. అప్ప కళ్లు తుడుచుకొని, ఏమీ లేదని చెయ్యి ఊపి, వాడికి కాఫీ కలపడానికి లోపలికి వెళ్లింది. పోతూ పోతూ ఆ కాగితాన్ని చీరల కింద పెట్టలేదు. దేవుడి గదిలో పెట్టింది.

సంబంధం మాట మళ్లీ ఎత్తలేదు. శివరాత్రికి పొంగడాలు మాత్రం వచ్చేయి.

నాలుగు మడతల చీటీ రాసిన విద్యార్థినికి క్లాసులో అందరి ఎదటా ఇలా జవాబు చెప్పేను. నువ్వెవరివో నాకు తెలియనక్కరలేదు. మొదట నీ ఇష్టం ఏమిటో ఇంట్లో చెప్పు. నీకిష్టం లేకపోతే ఏ లెక్కా అక్కరలేదు. ఇష్టమే అయితే, మీ రెండిళ్లలో పుట్టుచెవుడు, చూపులోపం, రక్తపు జబ్బు, ఎదగని బిడ్డ, పసితనంలోనే పోయినవాళ్లు ఎవరయినా ఉన్నారా అని అమ్మమ్మల్ని అడిగి మూడు తరాల పట్టిక రాసుకో. ఉంటే, ఆ పట్టిక పట్టుకొని పెళ్లికి ముందే పెద్ద ఆసుపత్రిలో జన్యు సలహా చెప్పే డాక్టరు దగ్గరికి వెళ్లండి. బిడ్డ పుట్టగానే వినికిడి పరీక్ష చేయించండి. తొందరగా తెలిస్తే చేయగలిగినది ఈరోజుల్లో చాలా ఉంది. ఏది ఎలా జరిగినా, ఆ ఇంటి ఆడదాన్ని కత్తిపీట ముందు దోషిగా నిలబెట్టకండి.

క్లాసు అయ్యేక ఆఖరి బెంచీ కుర్రవాడు వచ్చి, "శశిరేఖ ప్రశ్న అలాగే ఉండిపోయింది మేస్టారూ" అన్నాడు. ఉత్తర ఒక్కతే అభిమన్యుడి వంశం నిలబెట్టిందిరా, ఆవిడ విరాటుడి కూతురు, బయటి సంబంధం అన్నాను.

వాడు ఆలోచిస్తూ వెళ్లేడు. మళ్లీ చీటీ తెస్తాడు కాబోలు.